సర్వర్ రూమ్‌లో మా ఆయన

మా ఆయన శ్రీవత్స ఆక్లాండ్‌లో ఏడాదిన్నర పాటు మిషన్ ఉద్యోగం చేశాడు. అంటే ఏ ఫ్యాక్టరీలోనో మిషన్ నడిపేవాడనుకునేరు. అతనే మిషన్. పేరు పిప్పా. పైగా ఆడ మిషన్.

ఇప్పుడు చెప్పుకుని నవ్వుకుంటున్నాం గానీ, ఆ రోజుల్లో న్యూజిలాండ్‌లో స్థిరపడ్డానికి కావాల్సిన మా రెసిడెన్సీ అంతా ఆ పిప్పా చేతిలో ఉండేది. ఇది 2017 నాటి సంగతి. అంతకుముందు ఇద్దరం దేశం దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ పాలిటెక్నిక్‌లో చదువుకున్నాం. ఆ ఊరి చలి గురించి మొదలుపెడితే అసలు కథ పక్కకి పోతుంది. నా ఫ్లాట్‌లో హీటర్ లేదు, అతని ఫ్లాట్‌లో ఉంది. చదువుకోవడానికని అక్కడికి వెళ్ళి వెళ్ళి చివరికి పెళ్ళి దాకా వెళ్ళాను. క్లాస్‌మేట్లుగా మొదలైన 'నువ్వు' పెళ్ళయ్యాక కూడా 'మీరు' కాలేదు. మా అత్తగారు వీడియో కాల్‌లో ఉన్నంతసేపు మాత్రం అవుతుంది.

చదువయ్యాక ఆక్లాండ్ వచ్చి న్యూ లిన్‌లో రైల్వే స్టేషన్ పక్కన ఫ్లాట్ తీసుకున్నాం. నాకు ఓ వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్ పని దొరికింది. దాని మీద రెసిడెన్సీ రాదు. శ్రీవత్సకి క్రెయిగ్ అనే ఆయన కంపెనీలో 'కస్టమర్ ఆపరేషన్స్' ఉద్యోగం దొరికింది. దాని మీద వస్తుంది. ఫలానా మనిషి ఫలానా పని నిజంగానే చేస్తున్నాడని ఇమిగ్రేషన్ వాళ్ళు నమ్మితే ఇక్కడ ఉంటాం. నమ్మకపోతే వీసా అయిపోగానే పెట్టెలు సర్దుకుంటాం.

ఆ పని ఏమిటో మాత్రం నాకు చెప్పడు. "కాన్ఫిడెన్షియల్ హేమా, సైన్ చేశాను" అంటాడు, దేశ రక్షణ అంతా తన మీదే ఉన్నట్టు. పొద్దున వెళ్తాడు, సాయంత్రం వస్తాడు. వచ్చాక నోట్లోంచి మాట ఊడిపడదు. కూర ఎలా ఉందంటే తలూపుతాడు. బాగుందని ఊపాడో బాగాలేదని ఊపాడో తెలీదు. సోఫాలో బియ్యం బస్తాలా కూలబడి గోడకేసి చూస్తూ ఉంటాడు. ఇన్వర్‌కార్గిల్‌లో పూటపూటా "తిన్నావా హేమా" అని మెసేజ్ పెట్టి ప్రాణం తీసిన మనిషేనా ఇతను అని నాకు ఒళ్ళు మండేది.

ఆ చలికాలం గదిని వెచ్చగా ఉంచే మా హీట్ పంప్ ఆగిపోయింది. ఏ కంప్లైంట్ ఉన్నా వెబ్‌సైట్‌లో పిప్పాకి చెప్పమని మా బిల్డింగ్ చూసుకునే ఏజెన్సీ వాళ్ళు అందరికీ ఈమెయిల్ పంపి ఉన్నారు. పిప్పా అంటే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అట. అచ్చం మనిషిలాగే జవాబిస్తుందట. నేను షిఫ్ట్ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా ఫోన్‌లో టైప్ చేశాను. అంతా ఇంగ్లీషులోనే సాగింది, తెలుగులో చెబుతున్నాను.

"హీట్ పంప్ పనిచేయట్లేదు. గడ్డకట్టుకుపోతున్నాను."

"క్షమించండి. నేను పిప్పాని. ముందుగా ఫిల్టర్ శుభ్రం చేసి చూడండి. పైన మూతని రెండు చేతులతో నెమ్మదిగా ఎత్తాలి. పోయినసారి లాగినట్టు లాగితే రెండో క్లిప్పు కూడా విరుగుతుంది."

నేను ఫోన్‌కేసి గుడ్లప్పగించి చూశాను. పోయినసారి నేను క్లిప్పు విరగ్గొట్టిన సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఏజెన్సీ వాళ్ళ కంటపడకుండా దాన్ని టేపుతో అంటించింది కూడా ఆ ఇద్దరమే.

"వత్సా?" అని కొట్టాను.

అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. "నేను పిప్పాని. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇంటికి రా, చెప్తాను సహాయం."

ఆ సాయంత్రం అంతా కక్కాడు. క్రెయిగ్ చెడ్డవాడేం కాదు. అన్నిటికీ "నో వర్రీస్" అనే రకం. అద్దె ఇళ్ళ ఏజెన్సీల కోసం పిప్పాని తయారుచేస్తానని ఎవరెవరో పెద్దవాళ్ళ చేత పెట్టుబడి పెట్టించాడు. ముందు గదిలో ప్రోగ్రామర్లు ఆ పనిమీదే ఉన్నారు. కానీ పిప్పాకి ఇంకా మాటలు రాలేదు. కుళాయి కారుతోందంటే శుభాకాంక్షలు చెబుతోందట. అందుకని అది సిద్ధమయ్యేదాకా 'కొద్దిరోజులు' దాని బదులు శ్రీవత్స టైప్ చేయాలి. అతను ఇచ్చే ప్రతి జవాబునీ దాచిపెట్టి దానికి నేర్పుతారు. వచ్చే నెల సిద్ధం, వచ్చే నెల సిద్ధం అని క్రెయిగ్ చెబుతూనే ఉన్నాడు. ఆఫీసు మూసేశాక ఎవరైనా మెసేజ్ పెడితే 'పిప్పా ఇప్పుడు నేర్చుకుంటోంది, పొద్దున మాట్లాడుతుంది' అని వస్తుంది. అప్పుడు పిప్పా మా సోఫాలో గోడకేసి చూస్తూ ఉంటుంది.

"మరి నిన్ను ఎక్కడ కూర్చోబెట్టారు?" అని అడిగాను.

"సర్వర్ రూమ్‌లో."

టైర్ల షాపు మీద ఉన్న ఆ ఆఫీసులో, చీపుళ్ళు పెట్టుకునే గదికి 'సర్వర్ రూమ్, లోపలికి రావద్దు' అని బోర్డు తగిలించారు. మా ఆయన, ఒక కంప్యూటర్, ఒక చిన్న హీటర్ లోపల ఉంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే క్రెయిగ్ వాళ్ళని ఆ తలుపు దాకా తీసుకొచ్చి "పిప్పా ఉండేది ఇక్కడే" అని గొంతు తగ్గించి చెబుతాడు. వాళ్ళు గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడతారు. ఒకసారి లోపల మా ఆయనకి తుమ్మొచ్చింది. కూలింగ్ సిస్టమ్ అని చెప్పాడట.

"సిగ్గులేదా వత్సా?" అన్నాను.

"రెసిడెన్సీ వచ్చేదాకా సిగ్గు ఎందుకు హేమా?" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, సాయంత్రం ఆఫీసు మూసే వేళకి డునెడిన్ నుంచి ఒక స్టూడెంట్ మెసేజ్ పెట్టింది. గది పైకప్పులోంచి మంచం మీదకి నీళ్ళు కారుతున్నాయట. శ్రీవత్స మంచం పక్కకి జరపమన్నాడు, బకెట్ పెట్టమన్నాడు, ప్లంబర్‌ని పంపించాడు. అక్కడితో పిప్పా పని అయిపోయింది. కానీ చీకటి పడ్డాక ఇంకో మనిషితో మాట్లాడుతూ ఆ ఒక్క మాట అడగకుండా ఎలా వదిలేస్తాం? వేళ్ళు వాటంతట అవే టైప్ చేసేశాయి.

"తిన్నావా?"

"ఏంటి?" అంది ఆ పిల్ల. కాసేపటికి, "లేదు. ఏడుస్తూ కూర్చున్నాను" అంది.

"ప్లంబర్ వచ్చేలోగా వేడిగా ఏదైనా చేసుకుని తిను. నీళ్ళు ఎటూ బకెట్‌లోనే పడుతున్నాయి."

మర్నాడు క్రెయిగ్ సర్వర్ రూమ్ తలుపు తట్టాడు. మా ఆయన ఉద్యోగం పోయిందనుకుని బ్యాగు సర్దేసుకున్నాడు. క్రెయిగ్ మాత్రం అమాంతం కౌగలించుకున్నాడు. తన జీవితంలో తను తిన్నదో లేదో అడిగింది ఒక్క పిప్పాయేనని ఆ పిల్ల ఊరంతా తెలిసేలా రాసిందట. ఇంకో రెండు ఏజెన్సీలు పిప్పా కావాలని ఫోన్లు చేశాయి. వారం తిరిగేసరికి వెబ్‌సైట్‌లో కొత్త అక్షరాలు పడ్డాయి. 'మీరు తిన్నారా అని అడిగే ఏకైక ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. జవాబిచ్చేవారిలో ఒక్క మనిషి కూడా లేడు. అంతా పిప్పాయే.'

అది చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి లేడన్నందుకు కాదు, ఆ సంగతి నాకు తర్వాత తట్టింది. న్యూజిలాండ్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అందరినీ తిన్నావా అని అడుగుతున్నాడు, ఇంట్లో ఒకతి ఉందని గుర్తులేదు. అదే అడిగాను.

"రోజంతా అడిగి అడిగి వస్తాను హేమా. ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోతాయి" అన్నాడు.

ఇక కింద ఫ్లాట్‌లో ఉండే శివ్‌వతి ఆంటీ సంగతి. ఆంటీ ఫిజీ నుంచి వచ్చింది. వాళ్ళ నాయనమ్మ తెలుగావిడ. ఆ నాయనమ్మ తాలూకు 'అన్నం', 'నీళ్ళు', 'దా' ఆంటీ నోట్లో మిగిలాయి, తక్కినదంతా హిందీ, ఇంగ్లీషు. నాతో మాత్రం, నా దగ్గర నేర్చుకున్న మాటలు కలుపుకుని పట్టుబట్టి తెలుగు మాట్లాడుతుంది. కొడుకు వినేశ్ ఆదివారం ఆదివారం వచ్చి చూసిపోతాడు. అలా వచ్చినప్పుడు, బాత్రూమ్ కుళాయి కారుతోందంటే ఆంటీ ట్యాబ్‌లో పిప్పాని పెట్టి వెళ్ళాడు. కుళాయి బాగైంది గానీ ఆంటీ పిప్పాని వదల్లేదు.

పిప్పా తిన్నారా అని అడిగితే అందరూ అవును, థాంక్స్ అని వదిలేస్తారు. ఆంటీ అలా వదిలే మనిషి కాదు. "తిన్నాను. నువ్వు తిన్నావా బేటీ?" అని తిరిగి అడిగింది. పిప్పాని ఆ మాట అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. మా ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. "ఇంకా లేదు" అని కొట్టాడు.

కాసేపట్లో మా తలుపు చప్పుడైంది. ఆంటీ చేతిలో స్టీలు డబ్బా.

"హేమా, పిప్పా ఆఫీస్ ఎక్కడ ఉంది? పిల్ల తినలేదు."

"ఆంటీ, అది మిషన్."

"మిషన్ అయితే తినలేదు అని ఎందుకు చెప్తాది?"

"అలా అనమని దానికి నేర్పారు ఆంటీ."

"ఆకలి నేర్పినారు, అన్నం పెట్టలేదు. ఏం మనుషులు!" అని ఆంటీ కళ్ళెర్రజేసింది. ఆవిడ టైర్ల షాపు దాకా వెళ్ళి సర్వర్ రూమ్ తలుపు బాదడం నా కళ్ళకి కట్టింది. నేను అటే వెళ్తున్నాను, నేనిస్తానని డబ్బా లాక్కున్నాను. లోపల రొట్టెలు, బంగాళాదుంప కూర. మా ఆయన వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. బాగుందని నోటితో చెప్పాడు కూడా.

డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. మా ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు, నా చేతులతో నేనెలా ఇస్తాను? పులిహోర కలిపి నింపి, పిప్పా పంపిందని చెప్పి ఇచ్చాను. అక్కడ మొదలైంది. ఆంటీ డబ్బా పిప్పాకి వెళ్తుంది, పిప్పా డబ్బా ఆంటీకి వస్తుంది, మధ్యలో వండేది నేను. "పిప్పా పులిహోర బాగుంది. ఉప్పు కొంచెం తక్కువ. చిన్నపిల్ల, నేర్చుకుంటాది" అంది ఆంటీ ఒకరోజు. నేను పళ్ళు నూరుకుని నవ్వాను.

ఇలా ఉండగా ఇమిగ్రేషన్ నుంచి ఈమెయిల్ వచ్చింది. మా ఫైలు ఫియోనా అనే ఆఫీసరు దగ్గరుంది. మర్యాదగానే రాసింది. అప్లికేషన్‌లో మీరు కస్టమర్ల ప్రశ్నలకి జవాబులిస్తానని రాశారు, మీ కంపెనీ వెబ్‌సైట్‌లో జవాబులిచ్చేవారిలో ఒక్క మనిషి కూడా లేడని ఉంది, అలాంటప్పుడు మీరు చేసే పని ఏమిటో మీ యజమాని వివరించాలి అని. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని.

శ్రీవత్స క్రెయిగ్ దగ్గరికి వెళ్ళాడు. క్రెయిగ్ మొదటిసారి "నో వర్రీస్" అనలేదు. సోమవారం పెట్టుబడిదారులు వస్తున్నారు, పిప్పా మాట్లాడినదంతా చదువుతారు, లోపల మనిషి ఉన్నాడని ఎక్కడైనా ఒక్క ముక్క బయటపడితే కంపెనీ మూతే, అప్పుడు నీ ఉద్యోగమూ ఉండదు అన్నాడు. సోమవారం దాటాక ఇమిగ్రేషన్‌కి రాస్తానన్నాడు. ఇమిగ్రేషన్ వాళ్ళు ఇచ్చిన గడువు శుక్రవారం.

ఆ శుక్రవారం నాకు సెలవు. ఆంటీ డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి ఇద్దరు మగవాళ్ళూ స్క్రీన్ ముందు బిగుసుకుపోయి ఉన్నారు. క్రెయిగ్ రెండు రోజులుగా ఆఫీసరు ఫోన్ ఎత్తడం లేదు. వెబ్‌సైట్‌లో వేరే నంబరు కూడా లేదు, 'ఏదైనా పిప్పానే అడగండి' అని గొప్పగా రాసుకున్నాడు కదా. ఆఫీసరు పాపం పిప్పానే అడిగింది.

"నమస్కారం. నేను ఇమిగ్రేషన్ నుంచి ఫియోనాని. మీ కంపెనీలో శ్రీవత్స అనే ఆయన పనిచేస్తున్నారా? మనిషితో మాట్లాడాలి."

"నేను సాఫ్ట్‌వేర్‌ని, ఉద్యోగుల వివరాలు నాకు తెలియవు అని కొట్టు" అన్నాడు క్రెయిగ్, చెమట తుడుచుకుంటూ.

"అది కొట్టావంటే నీకూ నాకూ చెల్లు" అన్నాను తెలుగులో. "నువ్వు ఉన్నావో లేవో కూడా క్రెయిగ్‌నడిగి చెప్తావా వత్సా?"

శ్రీవత్స నా వంక చూశాడు, క్రెయిగ్ వంక చూశాడు. ఇన్నాళ్ళుగా గోడకేసి చూసే ఆ కళ్ళల్లో ఏదో కదిలింది. టైప్ చేశాడు.

"మీరు మాట్లాడుతున్నది మనిషితోనే. నేనే శ్రీవత్సని. జవాబులన్నీ నేనే ఇస్తాను."

క్రెయిగ్ తల పట్టుకుని చీపుళ్ళ పక్కన కూలబడ్డాడు. అయిపోయింది, నిజం బయటపడిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆఫీసరు జవాబు వచ్చింది.

"మీరు మనుషుల్ని చాలా బాగా అనుకరిస్తారని వెబ్‌సైట్‌లో చదివాను. దయచేసి నిజమైన మనిషిని పిలవండి."

"నేను నిజమైన మనిషినే."

"ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఆ మాట అనగలదు."

శ్రీవత్స పాస్‌పోర్టు నంబరు ఇచ్చాడు. అది కంపెనీ రికార్డుల్లో ఉంటుంది కదా అంది ఆఫీసరు. పుట్టినతేదీ ఇచ్చాడు, తండ్రి పేరు బాలసుబ్రహ్మణ్యం అని చెప్పాడు. అవీ ఉంటాయంది. సాఫ్ట్‌వేర్‌కి తెలియనిది ఏదైనా చెప్పమంది. మా ఆయనకి ఏమీ తోచలేదు. తన గురించి తను ఏం చెప్పుకోవాలో తెలీక ఊరికే కీబోర్డు మీద చేతులు పెట్టాడు. వాటికి అలవాటైన మాటే అవి కొట్టాయి.

"మీరు తిన్నారా?"

"అదిగో," అంది ఆఫీసరు. "వెబ్‌సైట్‌లో రాసిన ఫీచరు ఇదే. మీరు పిప్పా అని నాకు అర్థమైంది. మీ కంపెనీ నుంచి ఎవరూ స్పందించలేదని ఫైలులో రాసి ముగిస్తున్నాను."

శ్రీవత్స చేతులు ఒళ్ళో పడిపోయాయి. "నేను లేనటే హేమా" అన్నాడు.

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే అది కోపంగానే బయటికొస్తుంది. కుర్చీతో సహా అతన్ని పక్కకి నెట్టి కీబోర్డు లాక్కున్నాను.

"మేడమ్, ఆగండి. నేను వీడి భార్యని. ఇది మనిషే. దీని సాక్సులు నేను ఉతుకుతున్నాను. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. దేశంలో అందరినీ తిన్నావా అంటాడు, ఆక్లాండ్ వచ్చినప్పటి నుంచి నన్ను ఒక్కసారి అడగలేదు. ఇలాంటి మిషన్ ఎవడైనా కొంటాడా?"

ఇందులో సగం ఇంగ్లీషు, సగం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అక్షరాలు ఎటు పడితే అటు పడ్డాయి. మా ఆయన కీబోర్డు లాక్కున్నాడు.

"క్షమించండి, అది నా భార్య. దయచేసి పట్టించుకోకండి."

నేను లాక్కున్నాను. "పట్టించుకోండి!"

"తువ్వాలు ఒక్కసారే పడేశాను మేడమ్."

"ఒక్కసారా??" ఇది పెద్ద అక్షరాల్లో కొట్టాను. "ఈ పొద్దున పడేసింది ఎవరు, క్రెయిగా?"

"పొద్దున ట్రైన్‌కి టైమ్ అయిపోయింది."

"ట్రైన్ రోజూ ఉంది, తువ్వాలూ రోజూ ఉంది!"

అలా ఎంతసేపు కొట్టుకున్నామో తెలీదు. ఆంటీ డబ్బా కిందపడి రొట్టెలు క్రెయిగ్ ఒళ్ళో పడ్డాయి. ఇద్దరం ఆయాసపడుతూ స్క్రీన్ వైపు చూశాం. చుక్కలు కదులుతున్నాయి.

"తువ్వాలు మంచానికి ఎవరి వైపు వేస్తారు?" అని అడిగింది ఆఫీసరు.

"నా వైపు" అని కొట్టాను.

"మా ఇంట్లో కూడా అంతే. అక్కడ ఒక మనిషి ఉన్నట్టు నాకు నమ్మకం కుదిరింది. నిజానికి ఇద్దరు. ఇప్పుడు మీ యజమానికి ఫోన్ చేస్తాను, ఎత్తమని చెప్పండి."

క్రెయిగ్ ఫోన్ మోగింది. ఒళ్ళో రొట్టె పక్కన పెట్టి, నిజం చెప్పేశాడు. సోమవారం పెట్టుబడిదారులకి కూడా అదే చెప్పాడట, ఇక దాచడానికి ఏం మిగిలిందని. వాళ్ళు నవ్వి, ఈ వ్యాపారంలో అందరూ మొదట ఇంతే చేస్తారు గానీ అసలు పిప్పా ఎప్పటికి సిద్ధమవుతుందో తేదీ చెప్పమన్నారట. ఇంతోటిదానికి మా ఆయన అన్నాళ్ళు చీపుళ్ళ గదిలో తుమ్ములు దిగమింగుకున్నాడు.

మా రెసిడెన్సీ వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకి అసలు పిప్పాకి మాటలు కూడా వచ్చాయి. అన్నీ మా ఆయన మాటలే. ఇక మనిషి అక్కర్లేదు గనక క్రెయిగ్ కేకు తెప్పించి, కళ్ళనీళ్ళు పెట్టుకుని అతన్ని పంపించేశాడు. మా బిల్డింగ్ చూసుకునే ఏజెన్సీలోనే అతనికి ఇళ్ళు తిరిగి చూసొచ్చే పని దొరికింది. మనిషిగా, ముఖం కనబడేలా. కొత్త పిప్పా మొదటి వారంలోనే డునెడిన్‌లో ఎవరో ఇల్లు తడివాసన వస్తోందంటే "ఒక్కసారా??" అని పెద్ద అక్షరాల్లో అరిచిందట. అది ఎక్కడ నేర్చుకుందో ప్రోగ్రామర్లకి అంతుపట్టలేదు. నాకు మాత్రం కాస్త గర్వంగానే ఉంది.

ఒక సాయంత్రం శివ్‌వతి ఆంటీ మళ్ళీ తలుపు తట్టింది. ముఖం దిగాలుగా ఉంది. శ్రీవత్స ఎప్పటిలాగే సోఫాలో ఉన్నాడు. ఇళ్ళు తిరిగే పనిలో చేరాక కూడా ఇంట్లో అతని నోరు పెద్దగా తెరుచుకోలేదు.

"హేమా, పిప్పాకి ఒంట్లో బాగాలేదు."

"ఏమైంది ఆంటీ?"

"తిన్నారా అని అడిగింది. తినలేదు అన్నాను. 'చాలా సంతోషం! ఇంకేమైనా సహాయం కావాలా?' అంటాది. మళ్ళీ చెప్పాను, తినలేదు అని. మళ్ళీ సంతోషం అంటాది. పిల్ల ఇట్లా ఉండేది కాదు."

ఇక దాచేదేముంది? ఆంటీని లోపలికి పిలిచి, మొదటి నుంచీ చెప్పాను. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడిన పిప్పా ఇదిగో ఈయనే, మీ రొట్టెలు తిన్నదీ ఈయనే అని సోఫా వైపు చూపించాను.

ఆంటీ అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఈయనా? మెట్ల మీద ఎదురైతే తల దించుకుని పోతాడు. ఒక్క రోజు పలకరించలేదు. నా పిప్పా ఇట్లాంటి పిల్ల కాదు."

శ్రీవత్స ముఖం పాలిపోయింది. పాస్‌పోర్టులో వీసా ఉంది. అతను మనిషేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆంటీ ఒప్పుకోలేదు. నిజం చెప్పొద్దూ, నేను కూడా ఆంటీ పక్షమే. స్టవ్ దగ్గరికి వెళ్ళిపోయాను.

వెనకాల సోఫా కిర్రుమంది. లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. టైప్ చేయడానికి ఏమీ లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఆంటీ," అన్నాడు. "తిన్నారా?"

ఆంటీ దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి చూసింది.

"లేదు" అంది.

"అయితే కూర్చోండి. ఉట్టి కడుపుతో వెళ్ళనివ్వను" అన్నాడు కుర్చీ లాగుతూ.

"నువ్వు తిన్నావా బేటీ?" అనేసింది ఆంటీ. అన్నాక నాలిక్కరుచుకుంది గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

"ఇంకా లేదు ఆంటీ" అన్నాడు. కంచాలు తీయడానికని వంటగదిలోకి వచ్చాడు. నా వెనకే వచ్చి ఆగాడు. కంచాల చప్పుడు లేదు. నేను తిరిగి చూడలేదు, కూర కలుపుతూనే ఉన్నాను.

"హేమా," అన్నాడు. "నువ్వు తిన్నావా?"

షిఫ్ట్ అవగానే వృద్ధుల హోమ్‌లోనే కడుపునిండా తినేసి వచ్చాను ఆ రోజు.

"లేదు" అన్నాను.